పాముకాటు మందు గురించి ఎడిటర్ గారికి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

ఈమధ్య మీ పేపర్లో పాము విషానికి కొత్తరకం యాంటీబాడీ మందులు వస్తున్నాయని, ఇక గుర్రాల రక్తంతో పని ఉండదని ఒక వార్త వేశారు. నేను దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. కృష్ణా జిల్లాలో పల్లెటూరి ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయినదాన్ని, ప్రతి ఏడూ నాట్లు మొదలయ్యాయంటే పాముకాటు కేసులు వచ్చేవి, అర్ధరాత్రి ట్రాక్టర్ల మీద, నులకమంచం మీద మోసుకుంటూ, బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పడిపోకుండా పట్టుకుని తెచ్చేవాళ్ళు, అవన్నీ కళ్ళారా చూసినదాన్ని కాబట్టి నాకు అది మామూలు సైన్స్ వార్తలా అనిపించలేదు. సంతోషం వేసింది, దాంతోపాటే చెప్పాల్సినవి చాలా గుర్తొచ్చాయి, అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి కానీ పాము ఇంజెక్షన్, అదే ఏఎస్‌వి భయం గురించి రాసిన ముక్క మాత్రం దయచేసి తీసేయకండి.

ముందు ఇప్పుడున్న మందు సంగతి చెప్తాను. ఆసుపత్రిలో మేము ఏఎస్‌వి అంటాం, జనం పాము ఇంజెక్షన్ అంటారు. అది కూడా యాంటీబాడీ మందే అండి. 1890ల్లో ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి డాక్టరు మొదలుపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది, గుర్రానికి విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తారు, దాని ఒంట్లో ఆ విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి, రక్తం తీసి అందులోంచి వాటిని వేరు చేసి పొడిగా చిన్న సీసాల్లో, అంటే వయల్స్‌లో నింపుతారు. మన దేశంలో దొరికేది నాలుగు పాములకి కలిపి చేసింది, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. హైదరాబాద్‌లో విన్స్ అనే కంపెనీ కూడా దీన్ని తయారు చేస్తుంది. విషం ఎక్కిన గుర్తులుంటే మొదటి డోసే 8 నుంచి 10 వయల్స్, సెలైన్లో కలిపి గంటలో ఎక్కించాలి. చిన్నపిల్లలకైనా ఇదే డోసు, ఎందుకంటే పాము పిల్లాడని చెప్పి విషం తగ్గించి వదలదు కదా, మనం న్యూట్రలైజ్ చేయాల్సింది ఎక్కిన విషాన్ని, పిల్లాడి బరువుని కాదు. ఈ మాట కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టర్లకి కూడా నేను చెప్పాల్సి వచ్చిన రోజులున్నాయి, చిన్న ఒంట్లోకి పది వయల్సా అని వాళ్ళ చెయ్యి వెనక్కి వెళ్ళిపోయేది.

ఇక ఆ భయం సంగతి. ఏఎస్‌వి గుర్రం ప్రోటీన్ కదా, మన ఒంటికి అది పరాయిది. ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికే కొంతమందికి దురదలు, దద్దుర్లు, చలి వణుకు వస్తాయి, కొందరికి వాంతులు, కొందరికి బీపీ పడిపోయి ఊపిరాడదు. ఆ రియాక్షన్ తగ్గించే అడ్రినలిన్ మందు సిరంజీలోకి తీసి పక్కన పెట్టుకుని, పేషెంట్ దగ్గరే నిలబడి చూసుకుంటూ ఎక్కిస్తే చాలావరకు గట్టెక్కించవచ్చు, డ్రిప్ ఆపి అడ్రినలిన్ ఇచ్చి కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెడతాం. కానీ రాత్రిపూట ఒక్క డాక్టరు, ఒక్క సిస్టరు ఉన్న చోట, బయట యాభైమంది బంధువులు నిలబడి ఉంటే, మందు ఎక్కించిన పది నిమిషాలకి పేషెంట్ వణికిపోయి నీలంగా మారితే ఏమవుతుందో ఆలోచించండి. డాక్టరే చంపేశాడంటారు. అందుకని చాలా చోట్ల జరిగేది ఏంటంటే, ఒక టీటీ వేసి, సెలైన్ పెట్టి, పెద్దాసుపత్రికి రిఫర్ అని చీటీ రాసి పంపేస్తారు. అలా పంపేసిన ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే వయల్స్ ఉంటాయి, మందు లేక కాదు. ముందు చర్మం మీద టెస్ట్ డోస్ వేసి అరగంట చూడటం కూడా ఇంకా కొన్ని చోట్ల చేస్తున్నారు, దానివల్ల రియాక్షన్ వస్తుందో రాదో తెలియదు, వద్దని గైడ్‌లైన్స్ ఎప్పుడో చెప్పాయి, ఆ అరగంట మాత్రం పోతుంది.

నేను మర్చిపోలేని కేసు ఒకటుంది. నాట్లు వేస్తున్న ఆవిడకి గట్టు మీద రక్తపింజర కరిచింది, కాలు వాచిపోయి తొడదాకా వచ్చేసింది. మా దగ్గరికి వచ్చేసరికే రెండు ఆసుపత్రులు తిరిగి వచ్చారు, ఆ రెండు చోట్లా ఒక్క వయల్ కూడా ఎక్కించలేదు, చేతిలో రెండు రిఫరల్ చీటీలు మాత్రం ఉన్నాయి. ఆ ఆసుపత్రుల పేర్లు ఇప్పుడు రాయను, అక్కడి కుర్ర డాక్టర్ల, సిస్టర్ల తప్పు కాదది, వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, ధైర్యం ఇచ్చేవాళ్ళు లేరు. మేము రక్తం తీసి గాజు ట్యూబ్‌లో పోసి పెట్టాం. ఇరవై నిమిషాల టెస్ట్ అంటారండి దీన్ని, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబ్‌లో రెండు మి.లీ. రక్తం పోసి కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూడాలి, గడ్డకడితే సరే, నీళ్ళలా జారిపోతే విషం రక్తంలో ఎక్కినట్టు. ప్లాస్టిక్ ట్యూబ్ పనికిరాదు, సబ్బుతో కడిగిన ట్యూబ్ కూడా పనికిరాదు. రూపాయి ఖర్చులేని ఈ టెస్ట్ ముందు ఆసుపత్రుల్లో చేసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. ఆవిడ రక్తం ట్యూబ్‌లో నీళ్ళలాగే ఉంది. పది వయల్స్ ఎక్కించాం, తర్వాత ఇంకో పది, కానీ అప్పటికే కిడ్నీలు ఆగిపోయాయి, మూడోరోజు పోయింది. వాళ్ళ చిన్నపిల్ల ఆ గాజు ట్యూబ్ వంకే చూస్తూ నిలబడింది, ఆ రాత్రి మొత్తం.

అందుకే మీ వార్త చదివినప్పుడు నాకు మొదట తట్టింది ఏంటంటే, ఈ కొత్త యాంటీబాడీలు మనిషి యాంటీబాడీలు కదా, లేదా మనిషి ఒంటికి సరిపడేలా చేసేవి కదా, అయితే రియాక్షన్లు బాగా తగ్గుతాయి, అప్పుడు పీహెచ్‌సీలో ఉన్న కుర్ర డాక్టరు భయపడకుండా ఎక్కిస్తాడు అని. సైంటిస్టులు అన్ని పాములకీ ఒకే మందు అని మాట్లాడుతున్నారు, అది గొప్ప విషయమే, కానీ మా వార్డుల వైపు నుంచి చూస్తే భయం లేని మందు అనేదే పెద్ద మాట. రేపు ఎప్పుడైనా 108 బండిలోనే ఎక్కించగలిగే రోజు వస్తే సగం ప్రాణాలు దారిలోనే నిలబడతాయని నా నమ్మకం.

ఇది జరగని పని కాదు. కుక్కకాటు సంగతే చూడండి. రేబిస్ కోసం గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా మా సర్వీసులో చాలాకాలం గుర్రాల నుంచి తీసిందే వాడాం, దానికీ ఇలాగే రియాక్షన్ల భయం ఉండేది. 2017లో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో తయారైన మోనోక్లోనల్ (అంతా ఒకే రకం) యాంటీబాడీ తెచ్చింది, ఆ తర్వాత జైడస్ వాళ్ళది కూడా వచ్చింది, అంటే మన దేశంలోనే ఈ పని చేసి చూపించారు. మరి పాముకాటుకి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే, రేబిస్ అనేది ఒకటే వైరస్, దాని పైన ఒక ప్రోటీన్‌ని పట్టుకుంటే చాలు. పాము విషం అలా కాదు, ఒక్క పాము విషంలోనే పదుల కొద్దీ ప్రోటీన్లు ఉంటాయి, ఒకటి నరాల్ని పట్టేస్తుంది, ఒకటి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఇంకోటి కండని కుళ్ళబెడుతుంది. ఒక దొంగని పట్టుకోవడం వేరు, ముఠాని పట్టుకోవడం వేరు.

ఇప్పుడు ఆ ముఠాలో ముఖ్యమైనవాళ్ళని ఒక్కొక్కరినీ పట్టుకుంటున్నారు. 2024 ఫిబ్రవరిలో బెంగళూరులో ఐఐఎస్‌సీ అనే సైన్స్ సంస్థలో కార్తీక్ సునగర్ గారి టీమ్, అమెరికాలో స్క్రిప్స్ రీసెర్చ్ వాళ్ళు, ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ వాళ్ళు కలిసి 95మ్యాట్5 అనే మనిషి యాంటీబాడీ గురించి పరిశోధన పేపర్ వేశారు. త్రాచులు, కట్లపాముల జాతి విషాల్లో నరాల్ని పట్టేసే ఒక టాక్సిన్ (విషపు ప్రోటీన్) గుంపు ఉంటుంది, అది ఒక్కో పాములో ఒక్కోలా ఉన్నా మన నరాలకి అతుక్కునే చోటు మాత్రం అన్నిట్లోనూ దగ్గరదగ్గరగా ఒకేలా ఉంటుంది, ఈ యాంటీబాడీ సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. హెచ్‌ఐవీ మీద పనిచేసే యాంటీబాడీల్ని వెతికిన పద్ధతిలోనే దీన్నీ వెతికారట, ఆఫ్రికాలోని బ్లాక్ మాంబా అనే పాము విషం ఇచ్చిన ఎలుకలు కూడా బతికాయి. 2025 మే నెలలో ఇంకోటి వచ్చింది, అమెరికాలో టిమ్ ఫ్రీడ్ అనే ఆయన పద్దెనిమిదేళ్ళ పాటు తన ఒంట్లోకి తనే పాము విషాలు ఎక్కించుకుని, వందలసార్లు కాట్లు కూడా వేయించుకుని తట్టుకున్నాడు, ఆయన రక్తంలోంచి రెండు యాంటీబాడీలు తీసి, వరెస్‌ప్లాడిబ్ అనే మందు కలిపి ఇస్తే 19 రకాల పాముల్లో 13 రకాల విషం నుంచి ఎలుకలు పూర్తిగా, మిగతా ఆరింటి నుంచి కొంతవరకు తట్టుకున్నాయి. (ఇది చదివి ఎవరైనా కుర్రాళ్ళు ప్రయోగాలు చేస్తారేమోనని నాకు భయం, ఆ పరిశోధన చేసినవాళ్ళే ఎవరూ అలా చేయొద్దని చెప్పారు, దయచేసి ఈ వాక్యం కూడా వేయండి.) అదే ఏడాది అక్టోబర్లో డెన్మార్క్ వాళ్ళు ఒక లామా, ఒక అల్పకా (ఒంటె జాతి జంతువులు) నుంచి తీసిన ఎనిమిది నానోబాడీలు కలిపి, ఆఫ్రికాలోని 18 రకాల త్రాచు జాతి పాముల్లో 17 మీద పనిచేసిందని చూపించారు. నానోబాడీ అంటే యాంటీబాడీలో చిన్న ముక్కలాంటిది, చిన్నది కాబట్టి కండలోకి తొందరగా దూరుతుంది, కాటు వేసిన చోట కుళ్ళిపోవడం కూడా తగ్గిందట. వేళ్ళు తీసేయాల్సి వచ్చిన వాళ్ళకి డ్రెస్సింగ్ చేసిన చేతులు నావి, ఆ మాట నాకు ఎంత పెద్దదో చెప్పలేను.

అయితే మీ వార్తలో ఒక లోటు ఉంది, అది చెప్పకపోతే తప్పు. ఇవన్నీ ఎలుకల మీద చేసిన పరీక్షలు, మనుషుల దాకా రావడానికి ఇంకా టైమ్ పడుతుంది. రెండోది, పైన చెప్పిన మూడూ ముఖ్యంగా త్రాచు జాతి మీద చేసినవి. మన పొలాల్లో కరిచే రక్తపింజర, మెట్ట ప్రాంతాల చిన్నపింజర ఆ జాతి కాదు, వాటి విషంలో రక్తాన్ని పాడుచేసే ఎంజైములు వేరే రకం, వాటి మీద పని ఇంకా వెనకబడి ఉంది. కట్లపాము విషయంలో కూడా చిక్కుంది. దాని విషంలో ఒక భాగం నరం చివరనే లోపలినుంచి నాశనం చేస్తుంది, అది ఒకసారి జరిగిపోయాక ఏ యాంటీబాడీ వచ్చినా వెనక్కి తిప్పలేదు, నరం మళ్ళీ కోలుకునేదాకా వెంటిలేటర్ మీద పెట్టి ఊపిరి అందించడమే. అందుకే ఎన్ని కొత్త మందులొచ్చినా టైమ్ అనేది మాత్రం మారదు. వరెస్‌ప్లాడిబ్ అనే మందు బిళ్ళగా కూడా ఇవ్వచ్చు కాబట్టి ఊళ్ళోనే మింగించి పంపవచ్చని చాలా ఆశ పెట్టుకున్నారు, మన దేశంలోనూ అమెరికాలోనూ పేషెంట్ల మీద ట్రయల్ చేశారు, మొత్తం మీద చూస్తే అనుకున్నంత తేడా రాలేదు, తొందరగా వేసుకున్నవాళ్ళలో మాత్రం కొంత మేలు ఉన్నట్టు కనిపించింది. అక్కడా టైమే.

కట్లపాము గురించి ఇంకో మాట. అది కరిస్తే నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్ళని అర్ధరాత్రి కరిచి పోతుంది. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు, ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకుని వాము నీళ్ళు ఇస్తారు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. ఏడేళ్ళ పిల్లాడిని అలాగే తీసుకొచ్చారు ఒకసారి, వాళ్ళమ్మ నిద్రమత్తు అనుకుంది. ఏఎస్‌వి మొదలుపెట్టి, ఊపిరి తగ్గిపోతుంటే ట్యూబ్ వేసి, విజయవాడ దాకా బండిలో నేనూ వాళ్ళ బాబాయీ మార్చి మార్చి ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూనే ఉన్నాం, చేతులు పట్టేశాయి. వెంటిలేటర్ మీద కొన్ని రోజులుండి లేచాడు, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వర్షాకాలం ఉదయంపూట కడుపునొప్పితో పాటు రెప్పలు వాలుతుంటే పాము కనపడకపోయినా పాముకాటే అనుకుని పరిగెత్తండని ప్రతి ఇంట్లో తెలియాలి.

మన రాష్ట్రాలకి ఇది ఎంత పెద్ద సమస్యో చాలామందికి తెలియదు. 2005 లెక్కలతో 2011లో వచ్చిన స్టడీ ప్రకారం దేశంలో ఏడాదికి దాదాపు 45,900 మంది పాముకాటుతో చనిపోతే, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 5,200 మంది, జనాభా లెక్కన చూస్తే లక్షకి 6.2 చొప్పున మనదే మొదటి స్థానం. 2020లో వచ్చిన ఇంకో స్టడీ 2000 నుంచి 2019 దాకా దేశంలో 12 లక్షల మంది పోయారని, అంటే సగటున ఏడాదికి 58 వేలమందని చెప్పింది, ఎక్కువ చావులు ఎనిమిది రాష్ట్రాల్లో, ఆ ఎనిమిదిలో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఉంది. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలోనే, పావువంతు మించి పదిహేనేళ్ళలోపు పిల్లలే. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఇంటి దగ్గరే పోతున్నారు కాబట్టి ఆసుపత్రి రిజిస్టర్లలో ఈ లెక్క కనపడదు. 2018 ఆగస్టులో మా దివిసీమలో వరసపెట్టి పాముకాట్లు జరిగినప్పుడు పేపర్లన్నీ రాశాయి, మోపిదేవి గుడిలో హోమం కూడా చేయించారు, జనం భయం అలా ఉండింది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, సుబ్రహ్మణ్యస్వామికి నేనూ మొక్కుకుంటాను, కానీ ఆ ఏడాది తర్వాత దాని గురించి రాసేవాళ్ళే లేరు.

ఇంకో ముఖ్యమైన విషయం, మందు ఏ పాము విషంతో చేస్తున్నారన్నది. మన దేశంలో ఏఎస్‌వికి వాడే విషంలో చాలా భాగం తమిళనాడులో చెన్నై దగ్గర ఇరుళ తెగవాళ్ళ సొసైటీ నుంచే వస్తుంది. దాని వెనక కథ బావుంటుంది. ఇరుళలు ఒకప్పుడు పాముచర్మాల వ్యాపారానికి పాముల్ని పట్టేవాళ్ళు, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి ఆ వ్యాపారం ఆగిపోతే వాళ్ళ బతుకుతెరువు పోయింది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ గారు వాళ్ళతో కలిసి 1978లో సొసైటీ పెట్టించారు, పాముని చంపకుండా పట్టి, కొన్ని వారాలు ఉంచి నాలుగుసార్లు విషం తీసి, పొలుసు మీద గుర్తు పెట్టి మళ్ళీ వదిలేస్తారు. చంపి అమ్మిన చేతులే ఇప్పుడు బతికించి వదులుతున్నాయి, దేశంలో ఎంతమంది ప్రాణాలు ఆ విషం వల్ల నిలబడ్డాయో. ఆ సొసైటీకి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, ఆరోజు టీవీలో చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

కానీ ఒక ప్రాంతం పాముల విషంతో చేసిన మందు దేశమంతా ఒకేలా పనిచేయదు. రక్తపింజర ఒకటే జాతి అయినా ఊరిని బట్టి విషం మారుతుంది. సునగర్ గారి టీమే 2025లో దేశంలో 34 చోట్ల నుంచి 115 రక్తపింజరల విషం పోల్చి చూసి, అక్కడి ఎండ, వాన బట్టి విషం తేడాగా ఉంటోందని, పొడి ప్రాంతాల్లో కండని తినే ఎంజైములు ఎక్కువ ఉంటున్నాయని చెప్పింది. అంటే అనంతపురం పింజరా అవనిగడ్డ పింజరా ఒకటి కాకపోవచ్చు. మరి మన రాష్ట్రాల పాముల విషం మన మందులో ఎందుకు లేదు. మన దగ్గర యానాదులు ఉన్నారు, పొలాల్లో ఎలుకల్నీ పాముల్నీ వాళ్ళంత బాగా ఎరిగినవాళ్ళు లేరు, నెల్లూరు నుంచి మా కృష్ణా దాకా ఉన్నారు, ఇప్పటికీ చాలామంది కూలి మీదే బతుకుతున్నారు. ఇరుళల లాంటి సొసైటీ ఒకటి యానాదులతో ఇక్కడ పెట్టించడానికి రెండు ప్రభుత్వాలూ, ఫారెస్ట్ వాళ్ళూ కూర్చుని మాట్లాడితే వాళ్ళకి గౌరవంగా జీతం, మనకి మన పాముల మందు. ల్యాబ్‌లో చేసే కొత్త యాంటీబాడీలకి కూడా ఏ టాక్సిన్‌ని పట్టుకోవాలో తెలియాలంటే ముందు మన పాముల విషం చేతిలో ఉండాలి కదా.

ఉత్తరాంధ్ర మన్యంలో ఉండే గిరినాగు (కింగ్ కోబ్రా) సంగతీ అంతే. ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన విషపాము అది, అక్కడ ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్ళు గ్రామాలవాళ్ళకి చెప్పి దాని గూళ్ళు కాపాడుతున్నారు. గిరినాగు అని ఇన్నాళ్ళూ ఒకటే జాతి అనుకున్నది నిజానికి నాలుగు జాతులని 2024లో తేల్చారు. మన ఏఎస్‌విలో దాని విషమే లేదు, థాయ్‌లాండ్‌లో మాత్రం దానికి వేరే మందు తయారు చేస్తారు. అదృష్టం కొద్దీ అది మనుషుల జోలికి రాదు, కాట్లు చాలా అరుదు. పైగా అది తినేది మిగతా పాముల్నే. దాన్ని కొట్టి చంపినవాడు తనకి తెలియకుండానే తన పొలంలో నాగుపాముల్ని పెంచుకుంటున్నాడు.

చంపడం గురించి చెప్పాలంటే నాకు బాధేస్తుంది. మా ఆసుపత్రికి చచ్చిన పాముని కవర్లో వేసుకుని తెచ్చేవాళ్ళు, డాక్టరుకి చూపించాలని. పదింట్లో చాలా వరకు జెర్రిపోతులో, నీరుకట్టెలో, పసిరికపాములో. జెర్రిపోతు పాపం ఎలుకల్ని తినే పాము, విషం లేదు, రైతుకి జీతం లేని పాలేరు లాంటిది. దాన్ని చంపితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల కోసం రక్తపింజర వస్తుంది. పాముని చూసి మందు ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు, నాలుగింటికీ ఒకటే మందు, గుర్తులు చూసి ఇస్తాం, మరి దాన్ని వెతుకుతూ చంపుతూ అరగంట ఎందుకు పోగొట్టుకోవాలి, ఆ వెతుకులాటలో ఇంకొకరికి కరిచి ఇద్దర్నీ తెచ్చిన కేసు కూడా చూశాను. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఫోన్ చేస్తే వచ్చి పట్టుకెళ్తుంది, పల్లెల్లో అలాంటివాళ్ళు మండలానికి ఇద్దరైనా ఉండాలి, ట్రైనింగ్ ఇచ్చి, సరైన కర్ర, సంచి ఇచ్చి, ఇన్సూరెన్స్ చేయించి. సెల్ఫీల కోసం పడగ పట్టుకునే కుర్రాళ్ళ సంగతి కాదు నేను చెప్పేది.

ప్రభుత్వాలు అసలేం చేయట్లేదని అనను. కేంద్రం 2024 మార్చిలో పాముకాటు మీద నేషనల్ యాక్షన్ ప్లాన్ తెచ్చింది, 2030 కల్లా చావులు సగానికి తగ్గించాలని టార్గెట్ పెట్టుకుంది, అదే ఏడాది నవంబర్లో ప్రతి పాముకాటు కేసునీ, చావునీ రాష్ట్ర ఆరోగ్య చట్టాల కింద తప్పనిసరిగా రిపోర్ట్ చేసేలా చేయమని రాష్ట్రాలకి లెటర్ రాసింది, కర్ణాటక అంతకుముందే ఆ పని చేసేసింది. 15400 అనే హెల్ప్‌లైన్ కొన్ని చోట్ల మొదలుపెట్టారు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి. నేను కోరుకునేది ఏంటంటే, మా పీహెచ్‌సీలో ఈరోజు ఎన్ని వయల్స్ ఉన్నాయో బయట బోర్డు మీద చాక్‌పీస్‌తో రాయాలి, డ్యూటీ డాక్టర్లకీ సిస్టర్లకీ ఏటా మే నెలలో ఒకరోజు ట్రైనింగ్, అడ్రినలిన్ ఎలా వాడాలి, రియాక్షన్ వస్తే ఏం చేయాలి, ఇరవై నిమిషాల టెస్ట్ ఎలా చేయాలి, చేతులతో చేయించి నేర్పాలి. రిఫర్ చేసేముందు మొదటి డోసు మొదలుపెట్టారా లేదా అన్నది చీటీ మీద రాయాలి, రాయకపోతే అడగాలి. మందు ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తే డాక్టరు మీద చెయ్యి చేసుకోకుండా బంధువులకి ముందే చెప్పే మనిషి ఒకరుండాలి, ఊరి ఆశా వర్కర్ ఆ పని చేయగలదు. కొత్త యాంటీబాడీలు వచ్చేదాకా ఈ గుర్రం మందే మనకి దిక్కు, దాన్ని వాడే ధైర్యం ముందు రావాలి, ఆ ధైర్యం రాని చోటికి రేపు ఎంత గొప్ప మందు తెచ్చినా ఫ్రిజ్‌లోనే ఉండిపోతుంది.

చివరగా మీకు ఒక విన్నపం ఎడిటర్ గారూ. చంపిన పాముని కర్రకి వేలాడదీసి జనం నిలబడిన ఫోటోలు వేయకండి. వాటి బదులు ఏటా ఒక చిన్న బాక్స్ వేయండి, జిల్లా పేజీలో, కత్తిరించి గోడకి అంటించుకునేలా. కరిచిన కాలు కదపొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పొయ్యొద్దు, ఉంగరాలు మెట్టెలు తీసేయండి, 108కి ఫోన్ చేయండి, పాము కోసం వెతక్కండి. రాత్రి బయటికెళ్తే టార్చ్, పొలంలోకి గమ్‌బూట్లు, పడుకునేటప్పుడు మంచం, దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకుని. దగ్గర్లో ఏఎస్‌వి ఉన్న ఆసుపత్రుల పేర్లు కింద వేయండి. జూన్ మొదటి వారంలోపే వేయండి, నారుమళ్ళు పోసేలోపు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కృష్ణా జిల్లా.